రీలు బాబాయ్

ఊరికి బయల్దేరేవాళ్లు ముందు బట్టలు సర్దుకుంటారు. మా వీధి రీలు బాబాయ్ మాత్రం ముందు రీలు సంగతి తేల్చుకునేవాడు. ఇది 1990ల నాటి మాట. ఉన్నది ఒక్కటే కెమెరా, అదీ బావమరిది మస్కట్ నుంచి తెచ్చి ఇచ్చింది. అందులోకి ఏ రంగుల రీలు వెయ్యాలన్న దాని మీద ఆయన చేసే వాకబు, సొంత కూతురి సంబంధానికి కూడా చెయ్యలేదని పిన్ని దెప్పేది.

"మనుషులకి కోడక్, కొండలకి ఫ్యూజీ" అన్నది ఆయన మూలసూత్రం. కోడక్‌లో మొహాలు పసుపు రాసుకుని నలుగు పెట్టుకున్నట్టు వెచ్చగా వస్తాయట. ఫ్యూజీలో పచ్చదనం చూస్తే ఆవు కూడా మోసపోతుందట. "ఒకటి పసుపు డబ్బా, ఒకటి ఆకుపచ్చ డబ్బా. కంపెనీవాళ్లే చెబుతుంటే ఇంకా సందేహమేమిట్రా?" అనేవాడు.

డబ్బా మీది అంకెలు ఇంకో అధ్యాయం. "100, 200, 400 అన్నది రేటు కాదురా అబ్బాయ్, చురుకు. 100కి కావలసిన వెలుతురులో 200కి సగం చాలు, 400కి పావు వంతు చాలు. కాకపోతే చురుకు పెరిగేకొద్దీ బొమ్మ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకు తేలుతుంది. ఎండకి 100, మబ్బుకి 400."

"ఎండా మబ్బూ కలిసొస్తే?"

"200."

"వానొస్తే?"

"లాడ్జిలో పడుకోవడం."

స్లైడు రీళ్ల మాటెత్తితే గొంతు తగ్గించేవాడు. 1990లో ఫ్యూజీ వాళ్లు తెచ్చిన వెల్వియా చురుకు 50. ఆకులు పచ్చలు పొదిగినట్టుంటాయి గానీ మొహాలు కందిపోతాయి. వెలుతురు లెక్క కాస్త తప్పితే బొమ్మ మనది కాదు. 1935 నాటి కోడక్రోమ్‌కి రంగులు కడిగేటప్పుడే ఎక్కించేవారు, అది మన స్టూడియో అబ్బాయి వల్ల అయ్యే పని కాదు. బాబాయ్ ఈ రెండూ ఏనాడూ కొనలేదు. తప్పిపోయిన మేనరికంలా తలుచుకునేవాడంతే.

ఆ ఏడు కార్తీకంలో అందరం కలిసి అరకు ప్రయాణం పెట్టుకున్నాం. నెల్లాళ్ల చర్చ తర్వాత ఫ్యూజీ 100 గెలిచి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకీ మల్లెపూల పొట్లానికీ మధ్య కాపురం పెట్టింది. బయటికి తీశాక చెమ్మ పట్టకుండా గంట ఆగాలన్నాడు. విశాఖ రైలు మాత్రం మా కోసం ఆగదు కాబట్టి పరుగున వెళ్లి ఎక్కాం.

సొరంగాలన్నీ దాటి లోయలో దిగేసరికి చేలనిండా వలిసె పూలు. కంటిచూపు ఆనినంత మేర పసుపే పసుపు. "ఏవండీ, నన్నా పూలల్లో నిలబెట్టి తియ్యండి" అంది పిన్ని.

బాబాయ్ మొహం వాడిపోయింది. "పచ్చదనానికని ఫ్యూజీ తెచ్చానే! పసుపని ముందే చెబితే కోడక్ తెచ్చేవాణ్ని కదా!"

పూలు అలాగే మిగిలాయి. బొర్రా గుహల్లో బల్బులు చూసి మూత కూడా తియ్యలేదు. ఎండకని చేసిన రీలు బల్బు వెలుతురులో నారింజపండు రంగుకి తిరుగుతుందట. అరకు మొత్తానికి పదకొండు ఫొటోలయ్యాయి, అందులో నాలుగు రైలింజనువి.

36 ఫొటోల రీలును జాగ్రత్తగా ఎక్కించి 38 పిండుకునే మనిషి, పదకొండుకే కడిగిస్తాడా? రీలు కెమెరాలోనే ఉండిపోయింది. సంక్రాంతి గొబ్బెమ్మలు, మనవడి అన్నప్రాసన, కొత్త గ్యాస్ పొయ్యి దాని మీదికెక్కాయి. ఉగాది ముందురోజు ఇంకా రెండు మిగిలాయని పక్కింటివాళ్ల గేదెను అటునుంచొకటి, ఇటునుంచొకటి తీసి స్టూడియోకి పరుగెత్తాడు.

ప్రింట్లు వచ్చాయి. కొండలు కాస్త నీలం, గొబ్బెమ్మలు కాస్త ఊదా. అన్నప్రాసన ట్యూబులైటు కింద జరగడం వల్ల మనవడు లేత చిక్కుడుకాయ రంగులో ఉన్నాడు. బాబాయ్ ఒక్కొక్కటే పక్కన పెడుతూ చివరి ఫొటో దగ్గర ఆగిపోయాడు. కళ్లజోడు సవరించుకుని, గేదెను వెలుతురు వైపు తిప్పి నాకు చూపించాడు.

"చూశావురా నలుపు ఎంత నిండుగా వచ్చిందో! అరకుకి ఈ రీలే సరైందని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."