టికెట్ లేని వయ్యారిభామ

ఖరగ్‌పూర్ వాళ్లకి ప్లాట్‌ఫాం దిగులు ఇంకా తీరలేదు. 1072.5 మీటర్లు, ప్రపంచంలో మాదే పెద్దదని ఏళ్ల తరబడి మీసం మెలేశాం. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు ఎగరేసుకుపోయింది. 2023లో హుబ్బళ్లి వచ్చి గోరఖ్‌పూర్‌నీ కూర్చోబెట్టింది. పోతే పోనీండి. ప్లాట్‌ఫాం అయిపోయిన చోటి నుంచి నింపురా యార్డు వైపు పెరిగిన వయ్యారిభామ కలుపుమొక్కను టేపు పెట్టి కొలిచే నాథుడు దొరికితే, ఆ రికార్డు మా ఊరి నుంచి ఎవడూ లాక్కోలేడు.

ఆవిడ పుట్టిల్లు మెక్సికో వైపు. 1950లలో పుణెలో తేలింది. అమెరికా గోధుమల బస్తాల్లో దాక్కుని దిగిందని అభియోగం. ఎలా దిగినా, దేశం చుట్టి రావడానికి రైలు కంటే హాయైన బండి ఏముంది? ఒక్కో మొక్క 15 వేల నుంచి 25 వేల గింజలు రాలుస్తుంది. ఒక్క గింజకీ టికెట్ లేదు, ఒక్క టీటీఈ అడిగిన పాపాన పోలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) రోజుల్లో మా తాతలూ శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి రైలెక్కే వచ్చారు. కాకపోతే పనికని వచ్చారు, వచ్చి స్లీపర్లు మోశారు. ఈవిడ వచ్చి పంచిపెట్టింది దురద, ఆయాసం.

దురద సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నా గొడవ చేను గురించి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు కాండం మాడి నిలువునా చచ్చాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయల పైమాటేనని లెక్కగట్టారు. శాస్త్రవేత్తలు కూపీ లాగితే బయటపడ్డ పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. దాని కాపురం వయ్యారిభామ పుప్పొడిలో. పూలలో దొర్లిన తామర పురుగులు ఆ పుప్పొడి ఒంటికి పూసుకుని పక్క చేలో వాలతాయి, లేత ఆకు గీకుతాయి. గీకిన చోటల్లా వైరస్‌కి తలుపు తీసినట్టే. వయ్యారిభామకి మాత్రం ఒంట్లో నలత కూడా ఉండదు. హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన మా ఐఐటీ వాళ్లు, ఆకు ఫొటో తీసి తెగులు పట్టి మందు కొట్టే రోబోను తయారుచేశారు. మంచిదే. కానీ ఫొటోలో ఈవిడ నిక్షేపంగా కనిపిస్తుందే!

ఆ సమన్వయం చూడండి ఒకసారి. కలుపు శాఖ సరుకిచ్చింది, పురుగుల శాఖ రవాణా చూసుకుంది, తెగుళ్ల శాఖ గుమ్మం దాకా చేర్చింది. ఎక్కడా ఫైలు ఆగలేదు. ఎవరూ ఎన్‌ఓసీ అడగలేదు.

ఇక మన పక్షం. పట్టాల మధ్య మొలిస్తే ట్రాకు చూసే పీ-వే వాళ్లది. క్వార్టర్ల వెనక మొలిస్తే అదే రైల్వేలో ఇంకో సెక్షన్‌ది. కాలువ దాటితే మున్సిపాలిటీది, ఊరు దాటితే పంచాయతీది, గట్టు దాటితే రైతు ఖర్మది. మథురాకాటి టీ కొట్టు దగ్గర ఓ రిటైర్డ్ గ్యాంగ్‌మన్ తాత చేతికి గంచా చుట్టుకుని ఓ మొక్కని మొదలంటా లాగి చూపించాడు. వేరుతో పాటు కంకర రాయి కూడా ఊడి వచ్చింది. "మా హద్దు పట్టాల పక్కన ఈ సెస్సు కాడికే బాబూ. అవతలది మేం ముట్టుకోకూడదు. గింజకేటి తెలుస్తాది, అవతలేటో ఇవతలేటో?" అన్నాడు. ఈ పాలనా రహస్యం ఆయనకి సర్వీసులో ఉండగానే తెలుసట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట.

పోనీ రైతు తన గట్టు మీద తానే మందు కొట్టుకుంటాడా? 2022 అక్టోబర్‌లో కేంద్రం గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. మందు చెడ్డదే, కట్టడి కావలసిందే, అందులో నాకు పేచీ లేదు. అయితే మా వైపు పెస్ట్ కంట్రోల్ అంటే క్వార్టర్లలో బొద్దింకల కోసం వచ్చే కుర్రాళ్లు. బంగాళాదుంప తవ్వి నువ్వులు చల్లుకునే మా పక్క డెబ్రా రైతు వాళ్లకి ఫోన్ చేసి, "గట్టు మీద పెద్ద బొద్దింక ఉంది, కాస్త వచ్చి వెళ్లండి" అనాలి కాబోలు.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ అవగాహన వారోత్సవం కూడా ఉంది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ పిలుపు అది. పూతకు ముందే పీకాలన్నది సలహా. జూన్ వానకి మొలిచిన మొక్క నెల తిరిగేసరికి పూతకొస్తుంది. కాబట్టి బ్యానర్ కట్టి అతిథులు వరసగా నిలబడేసరికి, ఫొటోలో వెనకంతా తెల్లగా విరగబూసి ఆవిడే ముఖ్య అతిథిలా ఉంటుంది.

ఈ వ్యవహారం మొత్తంలో సక్రమంగా డ్యూటీ చేసినది ఒకటే ప్రాణి: మెక్సికో పెంకుపురుగు. వీపు మీద చారలతో కందిగింజంత ఉంటుంది. 1984లో బెంగళూరు దగ్గర వదిలితే వయ్యారిభామ ఆకుల్ని ఈనెలు మిగలకుండా మేసింది. చలికాలం మట్టిలో దూరి పడుకుంటుంది, ఆఫీసు లక్షణం దానికి ఉన్నది ఆ ఒక్కటే. పని చేసిందంటే విచారణ తప్పదు కదా, కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకులు కొరికిందని ఫిర్యాదు వచ్చి దాని మీద నిజనిర్ధారణ కమిటీ పడింది. తీరా చూస్తే, ఆ ఆకుల మీద రాలిన వయ్యారిభామ పుప్పొడే దాన్ని అటు లాగిందని పరిశోధకులు తేల్చారు. ఆ పురుగును మా ఊళ్లోనూ గంపలకొద్దీ వదలమని నా మనవి. తొందరేమీ లేదు. రైల్వే జాగాలో వదిలిన పురుగు కాలువ దాటి మున్సిపాలిటీ ఆకు తింటే దాని టీఏ బిల్లు ఎవరు కట్టాలో ముందు తేల్చుకోండి.