టీషర్టు కొంటే పాట హిట్టు!

అమెరికాలో బిల్‌బోర్డ్ 200 అని ఓ పట్టిక ఉంది. ఈ వారం దేశంలో ఏ ఆల్బమ్ ఎక్కువ పోయిందో చెప్పడం దాని పని. 1956 నుంచి వారం వారం ఏదో ఒక రూపంలో చెబుతూనే ఉంది. జనం ఏం వింటున్నారో అందులో తెలుస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారా? ఉంటే వాళ్లకో దండం.

మొదట్లో పద్ధతి మహా సులువు. షాపులకు ఫోన్ చేసి ఏది బాగా పోతోందని అడిగేవారు. కౌంటర్లో కుర్రాడు ఏం చెబితే అదే దేశం నాడి. ఆ కుర్రాణ్ని మంచి చేసుకోవడం కంపెనీల పని. 1991లో బార్‌కోడ్ లెక్క వచ్చింది. వచ్చిన కొద్ది వారాలకే ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యు.ఎ. ఒకటో స్థానం ఎక్కింది. సెప్టెంబర్‌లో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ వస్తూనే అదే కుర్చీలో కూర్చుంది. అంటే అంతకుముందు జనం కొన్నదొకటి, పట్టిక చూపినది మరొకటి అన్నమాట! ఇక యంత్రం అబద్ధం చెప్పదని అందరూ చేతులు దులుపుకున్నారు. నిజమే, చెప్పదు. దానికి అబద్ధం చెప్పడం ఎలాగో కంపెనీలు నేర్చుకున్నాయి.

2004లో అమెరికన్ గాయకుడు ప్రిన్స్ కచేరీ టికెట్టుతో పాటు ఆల్బమ్ చేతిలో పెట్టాడు. అదీ అమ్మకమే! సబ్బు కొంటే చెంచా ఉచితమని ఇచ్చి, దేశంలోకెల్లా పెద్ద చెంచాల వ్యాపారిని నేనేనని చాటుకున్నట్టు. ఆ తర్వాత నిబంధన మార్చారు. మారిస్తే ఏం? ఆల్బమ్‌తో కట్టగట్టి అమ్మే టీషర్టులొచ్చాయి, టోపీలొచ్చాయి. 2018లో ర్యాపర్ ట్రావిస్ స్కాట్ వెనుక రెండో స్థానంలో మిగిలిపోయిన నిక్కీ మినాజ్ ఈ కట్టల బేరంపై బహిరంగంగానే మండిపడింది. మరుసటి ఏడాది డీజే ఖాలెద్ ఎనర్జీ డ్రింకులకు ఆల్బమ్ తగిలించాడు. ఆ లెక్క చెల్లదన్నారు. ఆయన రెండో స్థానంలో ఆగాడు, గోల చేశాడు. 2020లో కట్టలకు తాళం వేశారు. 2023లో ‘ఫ్యాన్ ప్యాక్’ అని పేరు పెట్టి అదే తలుపు ఓరగా తీశారు. చొక్కా మారింది, మనిషి మారలేదు.

99 సెంట్ల కథ విన్నారా? 2011లో లేడీ గాగా ఆల్బమ్‌ను అమెజాన్ ఆ ధరకు డిజిటల్‌గా తెగనమ్మింది. మొదటి వారం 11 లక్షల ప్రతులు పోతే, అందులో 4 లక్షలకు పైగా ఈ చిల్లర బేరానివే. ఒకటో స్థానం ఇచ్చేశారు. తర్వాత తీరిగ్గా రూలు రాశారు: కొత్త ఆల్బమ్‌ను మొదటి నాలుగు వారాలు 3.49 డాలర్ల లోపు అమ్మితే లెక్కలోకి రాదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరగడం ఇదే కదూ?

2013లో ర్యాపర్ జే-జీ ఇంకో మెట్టెక్కాడు. ఆల్బమ్ బయటికి రాకముందే శాంసంగ్ 10 లక్షల ప్రతులు కొనేసి తన ఫోన్ వాడేవారికి పంచింది. బిల్‌బోర్డ్ ససేమిరా లెక్కించనంది. శభాష్! కానీ రికార్డింగ్ కంపెనీల సంఘం ఉందిగా? నిబంధన సవరించి మరీ వెంటనే ప్లాటినం కట్టబెట్టింది. మనకు కొత్తేం కాదులెండి. క్యాసెట్ల దుకాణాలు మూతపడుతున్న రోజుల్లో కూడా హైదరాబాద్‌లో ప్లాటినం డిస్క్ ఫంక్షన్లకు లోటు రాలేదు. ఎన్ని అమ్మితే ప్లాటినం? అడిగినవాడెవడు?

ఇక ఆన్‌లైన్ యుగం. 2014లో 1,500 సార్లు పాట మోగితే ఒక ఆల్బమ్ ‘అమ్ముడైనట్టు’ అన్నారు. 2018లో ఇంకా శాస్త్రీయం చేశారు. చందా కట్టినవాడు వింటే 1,250 చాలన్నారు. ప్రకటనలు భరిస్తూ ఉచితంగా వినేవాడైతే 3,750 కావాలన్నారు. పేదవాడి చెవి ఖరీదు మూడో వంతు! ఈ లెక్కలో పాటలెన్ని ఉంటే అంత లాభం. అందుకే 2017లో క్రిస్ బ్రౌన్ 45 పాటలు కుమ్మరించాడు. 2023లో వచ్చిన మోర్గాన్ వాలెన్ 36 పాటల ఆల్బమ్ మొత్తం 19 వారాలు ఒకటో స్థానంలో తిష్ఠ వేసింది. పాట బాగుండాలన్న చాదస్తం ఇంకా ఎందుకు? బస్తాలకొద్దీ ఉంటే సరి.

అన్నిటికన్నా ఘనమైనది రంగుల వ్యాపారం. 2015లో అడెల్ ఆల్బమ్ మొదటి వారంలో 33 లక్షలకు పైగా పోయింది. 2025లో టేలర్ స్విఫ్ట్, అమ్మినవీ ఆన్‌లైన్‌లో మోగినవీ కలిపి, 40 లక్షల యూనిట్లు దాటించి ఆ రికార్డు పగలగొట్టింది. ఎన్ని రూపాల్లో? 30కి పైగా! అట్ట మారింది, రంగు మారింది, కొసరుగా ఓ పాట మారింది. వీరాభిమాని అన్నీ కొనాలి, లేకపోతే ఏం అభిమాని? 2024 మేలో బిల్లీ ఐలిష్ ఆల్బమ్ వచ్చిన వారమే స్విఫ్ట్ శిబిరం మరికొన్ని డిజిటల్ కూర్పులు వదిలింది. ఐలిష్ రెండో స్థానంలో ఆగింది. అయ్యో పాపం అంటారా? ఆగండి. పెద్ద తారలు పదుల రూపాల్లో వినైల్ రికార్డులు తెచ్చి వృథా చేస్తున్నారని అంతకు రెండు నెలల ముందు నీతులు చెప్పింది ఆవిడే. ఆవిడ వినైల్ ఎన్ని రంగుల్లో వచ్చింది? చాలానే. కాకపోతే రీసైకిల్ ప్లాస్టిక్ అట. పుణ్యం కూడా ప్యాకెట్లోనే!

ఇన్ని రికార్డులు కొన్నవాళ్లు వింటున్నారా? వినైల్ కొన్న అమెరికన్లలో రికార్డ్ ప్లేయర్ ఉన్నది సగం మందికేనని లూమినేట్ సర్వే తేల్చింది. ఎవరీ లూమినేట్? ఈ పట్టికకు అంకెలు అందించే సంస్థే! వినే సాధనం లేని ఇంటికి చేరిన పళ్లెం కూడా ఆ వారం సంగీతాభిరుచి కింద జమ.

అటు చిన్న గాయకుడి గతేంటి? 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1,000 సార్లయినా మోగని పాటకు పైసా రాదు. రంగుల అట్టలు వేయించే స్తోమత లేదు, ఫోన్ కంపెనీ అండ లేదు. వాడికి లెక్కలు కచ్చితం. పెద్దవాళ్లకు మాత్రం లెక్క తప్పాక రూలు.

కాబట్టి బిల్‌బోర్డ్ అయ్యలూ, పట్టికలో ఒక్క గడి చేర్చండి. ప్రతి ఆల్బమ్ పక్కన, దాన్ని ఎంతమంది కొన్నారో వేయండి. ప్రతులు వద్దు, యూనిట్లు వద్దు. మనుషులు. పది రంగులు కొన్న పిల్ల ఒక్కతే, ఒక్కటే వేయండి. వేస్తారా? వేయరు. పిచ్చి అభిమానంతో పదిసార్లు జేబు ఖాళీ చేసుకునే ఆ పిల్ల మీదే కదా మీ రికార్డులన్నీ నిలబడ్డాయి!