ఛార్జిషీటు లేని బర్తరఫు

రికార్డు కంపెనీ ఒక బ్యాండుని వదిలించుకుంటే లండన్‌లోనో న్యూయార్క్‌లోనో అభిమానులు గగ్గోలు పెడతారు, రెండు మూడు రోజులు కంపెనీని తిట్టిపోస్తారు, ఆ తర్వాత మరో బ్యాండుని చూసుకుంటారు. మా బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో అలా కుదరదు. ఇక్కడది డిసిప్లిన్ కేసు అయి కూర్చుంటుంది. అర్పా నది దాటి ఇవతల ఇళ్లు కట్టుకున్న తెలుగువాళ్లలో రైల్వే పెన్షనర్లే ఎక్కువ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చి పాతుకుపోయినవాళ్ల పిల్లలు, మనవలు. వీళ్ల లెక్కలో మనిషిని కొలువులోంచి పీకెయ్యడం ఆషామాషీ వ్యవహారం కాదు. దానికో ఫారం ఉంది.

మా పక్కింటి బాబాయి గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. 2022 జనవరిలో రైల్వే బోర్డు గార్డులందరినీ ట్రైన్ మేనేజర్లని చేసేసింది. జీతం పెరగలేదు, పేరు పెరిగింది. తను అంతకుముందే రిటైరైపోయినా ఆ హోదా తనకీ వర్తిస్తుందని బాబాయి వాదన. గేటు మీద పేరు బోర్డు కూడా మార్పించాడు. ఇంజనీరింగ్ చదువుతూ గిటారు వాయించే మనవడొకడున్నాడు ఆయనకి. వాడు ప్రాణంలా వినే విదేశీ బ్యాండునొకదాన్ని కంపెనీ తీసేసిందట. రాత్రి అన్నం మానేశాడు.

"ఎస్‌ఎఫ్-5 ఇచ్చారేటి?" అన్నాడు బాబాయి.

మనవడు తెల్లమొహం వేశాడు. 1968 నాటి రైల్వే డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్స్ ప్రకారం పెద్ద శిక్ష వెయ్యాలంటే ముందు ఆ ఫారం మీద అభియోగాలు రాసివ్వాలి. ఎంక్వయిరీ ఆఫీసరు రావాలి, సాక్షులు రావాలి, మన తరఫున మాట్లాడేందుకు ఒకరుండాలి. రైల్లోంచి బొగ్గు దొంగతనం చేసి దొరికినవాడికి కూడా ఇంత మర్యాద జరుగుతుంది. పాట పాడినవాడికి జరగలేదంటే బాబాయి నమ్మలేదు.

"రికార్డులు అమ్ముడుపోలేదట తాతా."

"అయితే ఇంక్రిమెంటు ఆపాలి గాని, ఉద్యోగం పీకేస్తారేట్రా?"

మధ్యలో నేను దూరి కాంట్రాక్టు సంగతి వివరించాను. కంపెనీ ముందుగా అడ్వాన్సు ఇస్తుంది. అది బహుమతి కాదు. స్టూడియో ఖర్చు, చాలాసార్లు వీడియో ఖర్చులో భాగం కూడా, బ్యాండుకి రావలసిన రాయల్టీలోంచే తిరిగి రాబట్టుకుంటుంది. ఆ లెక్క తీరేదాకా బ్యాండు చేతికి రాయల్టీ దమ్మిడీ రాదు. చాలామంది విషయంలో ఆ లెక్క ఎప్పటికీ తీరదు.

"సరే, రికవరీ అయిపోయిందనుకో. పాట ఎవరిది?"

"మాస్టర్ రికార్డింగు మామూలుగా కంపెనీదే బాబాయ్."

"బ్యాండుని తీసేశాక?"

"అప్పుడూ కంపెనీదే."

బాబాయి కాసేపు ఆలోచించాడు. "అంటే క్వార్టరు ఖాళీ చేయించారు, మనం నాటిన జామచెట్టు మాత్రం వాళ్లకే ఉండిపోయింది." న్యాయశాస్త్రంలో దీన్ని ఇంతకన్నా బాగా చెప్పిన గ్రంథం ఉందేమో నాకు తెలియదు.

అభిమానులు కంపెనీలను దుర్మార్గులంటారు. నేనలా అనను. దుర్మార్గానికి కొంచెం ముందుచూపు ఉండాలి. అమెరికాలో విల్కో అనే బ్యాండుంది. 2001లో 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్' అనే ఆల్బం తీసుకెళ్లి రిప్రైజ్ కంపెనీకి ఇస్తే, ఇది మాకొద్దు పొమ్మన్నారు. బ్యాండు తన పాటలు తను తెచ్చుకుని ఇంటర్నెట్‌లో ఉచితంగా వినిపించింది. జనం విరగబడి విన్నారు. అది చూసి నాన్‌సచ్ అనే కంపెనీ డబ్బిచ్చి మరీ కొనుక్కుని 2002 ఏప్రిల్‌లో విడుదల చేసింది. విల్కో ఆల్బంలన్నిట్లో బాగా అమ్ముడైంది అదే. ఇంతకీ వద్దన్న రిప్రైజ్ ఎవరిది? వార్నర్‌ది. కావాలన్న నాన్‌సచ్? అదీ వార్నర్‌దే. ఒకే యజమాని ఒకే ఆల్బంకి రెండుసార్లు డబ్బు పోశాడు, మధ్యలో ఒకసారి ఛీ కొట్టాడు. నాగపూర్ డివిజన్ స్క్రాపుకింద అమ్మిన ఇంజన్ని బిలాస్‌పూర్ డివిజన్ వేలంలో కొంటే విజిలెన్సువాళ్లు దిగిపోతారని బాబాయి అన్నాడు. పాటలకి విజిలెన్సు లేదు.

అందర్నీ ఉత్తచేతులతో పంపిస్తారనుకోకండి. 2002 జనవరిలో ఈఎంఐ వారి వర్జిన్ కంపెనీ మరాయా కేరీ అనే గాయనిని పాడొద్దని 2 కోట్ల 80 లక్షల డాలర్లిచ్చి సాగనంపింది. పాడినందుకు అంతకుముందు ఇచ్చింది వేరే లెక్క. ఈ సంగతి వినగానే మా వీధిలో నలుగురైదుగురు వీఆర్‌ఎస్ తీసుకున్న పెన్షనర్లు తమ జీవితాలను పునఃపరిశీలించుకున్నారు.

అప్పీలు రాయాలని బాబాయి కాగితాలు తీశాడు. నలభై అయిదు రోజుల గడువుంటుంది, దాటితే టైమ్‌బార్ అయిపోతుంది. "అప్పిలేట్ అథారిటీ ఎవరు?" అన్నాడు. అక్కడ ఆగింది కథ. ఎందుకంటే ఆ మరాయా కేరీని తీసేసిన ఈఎంఐనే తర్వాత తీసేశారు. 2007లో టెర్రా ఫర్మా అనే పెట్టుబడి సంస్థ అప్పుచేసి దాన్ని కొన్నది. రేడియోహెడ్ వెళ్లిపోయింది, రోలింగ్ స్టోన్స్ వెళ్లిపోయారు. 2011లో అప్పిచ్చిన సిటీగ్రూప్ బ్యాంకు కంపెనీని జప్తు చేసుకుని ముక్కలుగా అమ్మేసింది. ఆ మరుసటి ఏడాది రికార్డుల ముక్క యూనివర్సల్‌కి పోయింది. మన ఇళ్లలో గొట్టం ముందు కూర్చున్న కుక్క బొమ్మ రికార్డులుండేవి చూడండి, ఆ హెచ్‌ఎంవీ ఈ ఈఎంఐ వంశమే. యజమాని గొంతు విని గుర్తుపట్టే కుక్కని బొమ్మగా పెట్టుకున్న కంపెనీకి చివరికి తన యజమానెవరో తనకే తెలియకుండా పోయింది.

ఇక్కడ బిలాస్‌పూర్ వాళ్లకి మాత్రమే చప్పున అర్థమయ్యే సంగతొకటి చెప్పాలి. మా రైల్వే జోనుకి తిండి పెట్టేది బొగ్గు. కోర్బా నుంచి బొగ్గుబండి వెనక బొగ్గుబండి కదులుతుంటే ప్యాసింజరు బండి లూప్‌లైన్‌లో నిలబడి దండం పెడుతుంది. 2022 వేసవిలో కరెంటు ప్లాంట్లకి బొగ్గు చాలడం లేదని దేశంలో ప్యాసింజరు బళ్లు రద్దు చేసినప్పుడు మా జోనుకి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. జనం స్టేషన్లో అరిచారు. బొగ్గు అరవదు. టికెట్టు రాయితీ అడగదు, టాయిలెట్టులో నీళ్లు లేవనదు.

రికార్డు కంపెనీకి పాత పాట బొగ్గు, కొత్త బ్యాండు ప్యాసింజరు. పాత పాటకి స్టూడియో అద్దె కట్టక్కర్లేదు, దాని డ్రమ్మర్ అలగడు, దాని గాయకుడు పెద్ద వ్యాన్ కావాలనడు. అమెరికాలో 2022 లెక్క చూస్తే జనం విన్నదాంట్లో 70 శాతం పైగా పద్దెనిమిది నెలలు దాటిన పాటలే. మన హెచ్‌ఎంవీ 2000లో సరిగమగా పేరు మార్చుకుని, 2017లో కారవాన్ అనే పెట్టెలో 5000 పాత పాటలు నింపి అమ్మింది. అచ్చం రేడియోలా ఉంటుంది. ఎంత బాగా అమ్ముడైందంటే, పిల్లలు తల్లిదండ్రులకి ఏమి కొనివ్వాలో తోచనప్పుడల్లా అదే కొనిచ్చారు. మా వీధిలో పొద్దున్నే నాలుగిళ్లలో అదే మోగుతుంది. ఆ నాలుగిళ్లవాళ్లూ కొత్త సంగీతానికి ఆదరణ లేదని బాధపడుతుంటారు.

ఇక అభిమానుల సంగతి. ఈ మనవడే, ఆ బ్యాండు చిన్న కంపెనీ వదిలి పెద్ద కంపెనీలో చేరిననాడు "అమ్ముడుపోయారు" అని ఏడ్చాడు. ఇప్పుడు తీసేశారనీ ఏడుస్తున్నాడు. ఏమిరా, ఒక్క రికార్డైనా కొన్నావా అంటే, ఫ్రీ అకౌంట్లో మధ్యమధ్య యాడ్స్‌తో వింటానన్నాడు. మా తరం ఏమన్నా తక్కువ తిన్నదా? బుధవారీ బజార్లో ఖాళీ కేసెట్టు, పాటల చిట్టా ఇచ్చి వస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవారు. వైజాగ్ నుంచి కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో ఒక అసలు కేసెట్టు దిగితే, రైల్వే కాలనీ దాటేలోపు దానికి పిల్లలు పుట్టేవి. అంత ప్రేమ. కంపెనీకి అందులో పైసా వెళ్లేది కాదు, కళాకారుడికి అసలే కాదు. ఇప్పుడు స్పాటిఫై వచ్చి ఈ అన్యాయాన్ని క్రమబద్ధీకరించింది. 2024 నుంచి ఏడాదిలో 1000 సార్లయినా వినని పాటకి రాయల్టీ సున్నా. ఇక తీసెయ్యడానికి ఆఫీసరు కూడా అక్కర్లేదు.

మన దేశంలో ఎవరూ ఎదురు తిరగలేదా అంటే, తిరిగారు. ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ తొలి ఆల్బం 1993లో హెచ్‌ఎంవీ నుంచి వచ్చింది. తర్వాతి ఆల్బం 'డెజర్ట్ రెయిన్' పెద్ద కంపెనీ ముద్ర లేకుండా 1997లో బయటికొచ్చింది. అది స్టూడియోలో చేసింది కూడా కాదు, సఫ్దర్ హాష్మీ స్మారక సభలో వాయించినప్పుడు రికార్డు చేసింది. 'కందీసా' 2000లో టైమ్స్ మ్యూజిక్ నుంచి వచ్చి దేశమంతా మోగింది. అంత పేరొచ్చాక వాళ్లేం చేశారు? 2010లో '16/330 ఖజూర్ రోడ్' ఆల్బంని ఒక్కో పాటా ఉచితంగా జనానికి వదిలేశారు. ఆ పేరు తాము ప్రాక్టీసు చేసుకున్న కరోల్‌బాగ్ ఇంటి చిరునామా. కచేరీలతో బతుకుతాం, మీ దయ మాకొద్దు అన్నట్టు. కంపెనీ తీసెయ్యకముందే కంపెనీని తీసేసిన బ్యాండు అన్నమాట. బాబాయికి ఇది బాగా నచ్చింది. యూనియన్లో ఉన్నవాడు కదా.

తెలుగు బ్యాండుల గురించి మాత్రం దిగులక్కర్లేదు. వాటిని ఏ పెద్ద కంపెనీ తీసెయ్యదు. పెట్టుకుంటే కదా తీసెయ్యడానికి! మన ఆడియో కంపెనీ అంటే సినిమా పాటల గోడౌను. బ్యాండు పాట పొరపాటున హిట్టయితే సినిమావాళ్లు వచ్చి, అందులో గొంతున్నవాణ్ని మర్యాదగా కారెక్కించుకు పోతారు. రమణ గోగుల మిస్టీ రిథమ్స్ అనే బ్యాండుతో మొదలుపెట్టి 1998లో 'ప్రేమంటే ఇదేరా'తో సినిమాలో అడుగుపెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత 'సంక్రాంతికి వస్తున్నాం'లో గొంతు వినిపిస్తే ఊరంతా పులకరించింది. ఆ బ్యాండేమైందని మాత్రం ఒక్కరూ అడగలేదు. చౌరస్తా బ్యాండు 'ఊరెళ్లిపోతా మామా' అని పాడితే వలసపోయిన ప్రతి తెలుగువాడి గొంతూ పూడుకుపోయింది. అందులోని రామ్ మిరియాల ఇప్పుడు 'జాతిరత్నాలు', 'డీజే టిల్లు' పాటల మనిషి. ఇందులో ఆయన తప్పేమీ లేదు. నాకైనా కారు పంపిస్తే ఎక్కుతాను.

మన అభిమానులకి కోపం ఎందుకు రాదంటే ఇదే కారణం. బ్యాండు పోతే అభిమాని ఏడవాలి, గాయకుడికి సినిమా వస్తే స్వీట్లు పంచాలి. రెండూ ఒకేరోజు జరుగుతాయి కాబట్టి మనం స్వీట్లు తినేస్తాం.

పోయిన చవితికి మనవడూ వాడి స్నేహితులూ కలిసి కోర్బా ఎక్స్‌ప్రెస్ మీద సొంతంగా తెలుగులో ఒక పాట కట్టారు. మా వీధి పందిట్లో పాడతామన్నారు. కమిటీవాళ్లు సినిమా పాటలైతేనే అన్నారు. బాబాయి ట్రైన్ మేనేజరు హోదాలో వెళ్లి చర్చలు జరిపి రాజీ కుదిర్చాడు. పది సినిమా పాటలకి ఒక సొంత పాట. అదీ ఏడింటికి ముందు, సౌండ్‌బాక్సులవాడు వైర్లు సర్దుకునే టైములో. కుర్రాళ్లు ఒప్పుకున్నారు.

పాట నిజంగానే బాగుంది. రెండో చరణం ఎత్తుకుంటుండగా ముందు వరసలోంచి చిట్టీ వచ్చింది. ఏదో పాట అడుగుతున్నారని మనవడు సంబరంగా విప్పాడు. పాట పేరు లేదు. "మైకు టెస్టింగ్ ఇంకెంతసేపు?" అని రాసి ఉంది.