అగ్నిపర్వతంతో చుట్టరికం

బెజవాడ వాడికి అగ్నిపర్వతం చూపిస్తానని చెప్పడానికి గుండెధైర్యం కావాలి. మే నెల మిట్టమధ్యాహ్నం, బందరు రోడ్డు పక్కన ఎండలో పెట్టిన స్కూటరెక్కి సీటు మీద కూర్చున్నవాడికి లావా గురించి కొత్తగా చెప్పేదేముంటుంది? అయినా మా బావగారు చెప్పారు. ఆయన మా ఆవిడకి అన్నగారు. జియాలజీ లెక్చరరుగా రిటైరయ్యారు. కాలేజీ పిల్లలు తప్పించుకున్నారు, చుట్టాలం మేం దొరికిపోయాం.

"ఈ వేసవికి మారిషస్ పోదాం బావా. ద్వీపం మొత్తం అగ్నిపర్వతం కక్కిందే!" అన్నారు.

"ఇక్కడి ఎండ చాలదనా అన్నయ్యా?" అంది మా ఆవిడ.

"మేలో అక్కడ చలికాలం మొదలవుతుందమ్మాయ్."

ఆ మాటతో అటక మీది సూట్‌కేసు కిందికి దిగింది.

ద్వీపాలు మాకు తెలియనివేం కావు. పున్నమి ఘాట్‌లో బోటెక్కితే భవానీ ద్వీపం, ఇంకా కిందికి పోతే కృష్ణ రెండు పాయలై చుట్టుకున్న దివిసీమ. కొండలూ కొత్త కాదు. ఇవతల ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ, అవతల ఉండవల్లి. కాకపోతే మా కొండలు ఎక్కేవాడి కష్టసుఖాలు ఎరిగినవి. మెట్లుంటాయి, పట్టుకోవడానికి రెయిలింగుంటుంది, పైన అమ్మవారుంటుంది, దిగేటప్పుడు చేతిలో పులిహోర పొట్లం ఉంటుంది. మారిషస్ కొండలకి ఈ మర్యాదలేవీ తెలియవు.

మొదట ఎక్కించింది లె పూస్ అనే కొండ. ఎత్తు 812 మీటర్లు. శిఖరం అచ్చంగా పైకెత్తిన బొటనవేలే. చెరుకు తోటల మధ్య నుంచి బాట మొదలై, అడవిలో దూరి, చివర్లో నిటారుగా నిలబడుతుంది. 1836లో బీగిల్ ఓడ మీద ఇటుగా వచ్చిన చార్లెస్ డార్విన్ కూడా ఈ కొండ ఎక్కాడట. ఆయన సిద్ధాంతాన్ని నేను అక్కడికక్కడే తిరగేసి నిరూపించాను. సగం దాకా రెండు కాళ్ళ మీద నడిచాను, ఆ పైన నాలుగు కాళ్ళ మీద.

పైనుంచి పోర్ట్ లూయీ నగరం, సముద్రం, పక్కనే నెత్తిన గుండ్రాయి పెట్టుకున్న పీటర్ బోత్ శిఖరం, అన్నీ బాగానే కనిపించాయి. మా ఆవిడ వెతుకుతున్నది మాత్రం కనిపించలేదు. గుడి లేదు, గంట లేదు. కొబ్బరికాయ కొట్టుకోవడానికి రాళ్ళు మాత్రం కొల్లలు.

"ఇంత కొండెక్కి దణ్ణం పెట్టుకోకుండా దిగడమేమిటండీ?" అని సూర్యుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. హోటల్లోంచి తెచ్చిన బ్రెడ్డు ముక్కల్నే ప్రసాదమని పంచింది. పక్కనున్న ఫ్రెంచి జంట మమ్మల్ని చూసి కళ్ళకద్దుకుని మరీ తిన్నారు.

ఆ తర్వాత అసలు అగ్నిపర్వతం. క్యూర్‌పీప్ ఊరి నడుమ ట్రూ ఓ సెర్ అనే బిలం ఉంది. మూడొందల మీటర్ల పైచిలుకు వెడల్పు, సుమారు 80 మీటర్ల లోతు. పొగ లేదు, నిప్పు లేదు. లోపలంతా చెట్లు, అడుగున కాసిని నీళ్ళు. పైన చలి, మంచు, సన్నటి తుంపర. అంచు చుట్టూ బూట్లేసుకుని వాకింగ్ చేసే జనం. జీవితంలో చలికి నేను గజగజ వణికింది అగ్నిపర్వతం మీదే.

"మన దగ్గరైతే ఈపాటికి కొండంతా గ్రావెల్ తోలేసి, గోతిలో వెంచర్ వేసేవాళ్ళు" అన్నాను.

"మన దగ్గరా ఇలాంటి లావా రాయే ఉంది బావా. తోలుతూనే ఉన్నారు" అన్నారు బావగారు.

కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి లావా గడ్డకట్టి అయిందేనట. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు భూమి పగిలి లావా పొంగింది. దక్కను పీఠభూమి మీద పొరలు పొరలుగా పేరుకుంది. అందులో కొంత దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చింది. ఆ లావాను పొంగించిన మంట భూగర్భంలో ఉన్నచోటే ఉంది, పైన మన దేశం ఉత్తరానికి జరిగిపోయింది. పొయ్యి కదలదు, పెనం జరుగుతుంటుంది, మంట ఎక్కడ తగిలితే అక్కడ అట్టు మాడుతుంది. అలా ముందు లక్షదీవులు, మాల్దీవులు, ఆ తర్వాత ఎనభై తొంభై లక్షల ఏళ్ళ కిందట మారిషస్ పైకి తేలాయి. ఇప్పుడా మంట పక్కనున్న రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి పితాన్ ద లా ఫుర్నేజ్ అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతూనే ఉంటుంది.

"మన కృష్ణ పుట్టే మహాబలేశ్వరం ఆ లావా పొరల మీదే ఉంది. కృష్ణ ఆ నల్లరాతిని అరగదీసి, తెచ్చి డెల్టాలో పోసింది. దివిసీమ ఒండ్రులో కలిసిన ఆ నల్లపొడి కూడా ఈ మంట పెట్టిన భిక్షే" అని ముగించారు బావగారు.

మా ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే ఇంత ఖర్చు పెట్టి ఇక్కడికెందుకొచ్చినట్టు అన్నయ్యా? దివిసీమకి అవనిగడ్డ బస్సెక్కితే పోయేదిగా!"

బావగారు తర్వాతి మలుపు దాకా నోరు మెదపలేదు. మా బంధుత్వంలో అదొక రికార్డు.

ఆవిడ మనసు కుదుటపడింది గంగా తలావ్‌లో. అదీ అగ్నిపర్వత బిలమే, నీళ్ళు నిండి సరస్సయింది. 1972లో గంగాజలం తెచ్చి కలిపాక ఆ పేరొచ్చింది. ఒడ్డున 108 అడుగుల శివుడు, అంతే ఎత్తున దుర్గమ్మ. శివరాత్రికి లక్షల మంది కాలినడకన వస్తారు. నిప్పుని నుదుటి కన్నులో దాచుకున్న స్వామిని కాపలా పెట్టాక ఏ అగ్నిపర్వతానికైనా మళ్ళీ నోరు లేస్తుందా?

తిండికీ లోటు లేదు. నానేసిన పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయలు వేసి, నూనెలో వేయించినదాన్ని అక్కడ గాతో పిమాఁ అంటారు. మా వీధి చివర బండి మీద పప్పువడ అంటారు. వాళ్ళు దాన్ని వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకు తింటున్నారు. అల్లప్పచ్చడి లేని లోటు ఒక్కటే.

పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ దగ్గర మాత్రం మా ముగ్గురి నోళ్ళూ మూతపడ్డాయి. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలను దింపింది. ఆ తర్వాత 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఈ రేవులో దిగారు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. 1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు ఊడ్చేసింది. కృష్ణకి ఆనకట్ట 1855కి గాని పూర్తి కాలేదు. ఆ రెంటి నడుమ కాలంలో కోస్తాలో కడుపు కాలినవాడికి ఓడే గతి. ఇక్కడికొస్తే చెరుకు వేయడానికి ముందు లావా రాళ్ళు ఏరాలి. అలా ఏరి పోసిన గుట్టలు చెరుకు తోటల నడుమ ఇప్పటికీ ఉన్నాయి. మేం చూసిన కొండలన్నీ అగ్నిపర్వతం పోసినవి, ఇవి మాత్రం మనుషులు పోసినవి. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కూలీల షరతులు డాలస్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్లో చదివి వినిపించాను. ఐదేళ్ళ కాంట్రాక్టు, యజమానిని వదిలి పోవడానికి వీల్లేదు, ఒకరోజు మానేస్తే రెండు రోజుల కూలి కోత.

"మా వీసా రూల్స్ మీ దాకా ఎప్పుడొచ్చాయి మావయ్యా?" అన్నాడు వాడు. ఏసీ గదిలో కూర్చున్నవాడికి చెరుకాకు కోత తెలీదు గనక ఆ వేళాకోళం చెల్లింది.

అక్కడి తెలుగు పెద్దాయన ఒకరు పరిచయమయ్యారు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. రామభజనం మాత్రం దీపం చుట్టూ తిరుగుతూ తెలుగులో, తెల్లవార్లూ.

"మీ విజయవాడలో భజన రాత్రంతా ఎవరు పాడతారండీ?" అనడిగారు.

"సౌండు బాక్సు పాడుతుందండీ. పదింటికి పోలీసులొచ్చి ఆపేస్తారు."

"అయ్యో, పోలీసులు అంత చెడ్డవాళ్ళా!" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు చెబుతున్నారు. మా మనవలు చదివే బడిలో తెలుగు పీరియడంటే పిల్లలకి కాస్త కునుకు తీసే వేళ.

కాబట్టి నా తీర్పు ఇది. మారిషస్ మనకి మట్టి వైపు నుంచీ చుట్టమే, మనుషుల వైపు నుంచీ చుట్టమే. వెళ్ళండి. బీచిలో బొమ్మలు దిగి వచ్చేయకుండా ముందు ఆప్రవాసీ ఘాట్ చూడండి, తర్వాత ఒక్క కొండైనా ఎక్కండి. చుట్టాలింటికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు గనక సంచిలో నాలుగు తెలుగు పుస్తకాలు పెట్టుకోండి. ఆవకాయ జాడీని ఎయిర్‌పోర్టులో ఆపితే ఆపుతారు గాని, పుస్తకాన్ని ఎవరూ ఆపరు.