బొడ్డుతాడుకు ఈ చివర

“మాయ పడిందా?” ప్రసవం గదిలో నా గురించి అడిగేది ఈ ఒక్క మాటే. పడ్డాక, ముక్క ఏదీ లోపల మిగల్లేదని అటూ ఇటూ తిప్పి చూసుకుని పసుపుపచ్చ సంచిలో వేసేస్తారు. ఒకప్పుడైతే పెరట్లో గొయ్యి తీసి పాతేవారు. నాకు ఆ రెండూ తప్పాయి. బిడ్డ గుండెలో లోపముందని ఐదో నెల స్కానింగ్‌లోనే తెలిసింది కాబట్టి, డాక్టరమ్మ నన్ను ఫార్మలిన్ డబ్బాలో పెట్టించి పాథాలజీకి పంపింది.

చాలామంది నన్ను తల్లి ఒంట్లో భాగం అనుకుంటారు. తల్లి వైపు పొర కొంత ఉన్నమాట నిజమే గానీ, నేను ప్రధానంగా బిడ్డ తరఫుదాన్ని. ఏ అండం నుంచి బిడ్డ తయారైందో అందులోంచే నేనూ పుట్టాను. ఫలదీకరణ జరిగిన 22వ రోజు ప్రాంతంలో ఆ గుండె కొట్టుకోవడం మొదలైంది. ఆ రోజుల్లోనే నాలోనూ రక్తనాళాలు మొలిచాయి.

పుట్టేదాకా బిడ్డ ఊపిరితిత్తులకు గాలి అందదు. ప్రాణవాయువు ఇవ్వాల్సింది నేను, మలినాలు తీసుకోవాల్సింది నేను. అందుకే గుండె తోడే రక్తంలో పెద్ద వాటా బొడ్డుతాడులోని రెండు ధమనుల గుండా నా దగ్గరికి వచ్చి, శుభ్రపడి, ఒక సిర గుండా వెనక్కి పోతుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం నాలో పక్కపక్కనే పారతాయి, కలవవు. నా నాళాలు ధారాళంగా చీలితే గుండెకు సులువు. తగ్గితే, ఇరుకైతే, పూడుకుపోయిన పైపులోకి నీళ్లెక్కించే మోటారులా అది అదనపు బరువు లాగాలి. అదీ ఎప్పుడు? దాని గోడలు ఇంకా కండపడుతున్న వయసులో. డాప్లర్ స్కాన్‌లో డాక్టర్లు చూసేది ఇదే: రెండు దెబ్బల మధ్య బొడ్డుతాడు ధమనిలో రక్తం ముందుకు పోతోందా, ఆగిందా, వెనక్కి మళ్లుతోందా అని.

మా బిడ్డది టెట్రాలజీ ఆఫ్ ఫాలో. గుండె కింది గదుల మధ్య చిల్లు, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు, ఇంకో రెండు తేడాలు. తెలిసిన రోజున నాయనమ్మ కోడల్ని నిలదీసింది: “గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకోవద్దన్నానా లేదా?” నాకు నోరుంటే, “నాయనమ్మా, కత్తిపీటను వదిలిపెట్టి నన్నడుగు” అనేదాన్ని. డెన్మార్క్‌లో 1997 నుంచి 2011 దాకా పుట్టిన 9 లక్షలకు పైబడిన పిల్లల వివరాలు తీసి చూస్తే, ఈ జబ్బున్న పిల్లల మాయలు సగటున చిన్నవిగా తేలాయి. అన్ని గుండె లోపాల్లోనూ అలా లేదు, కొన్నిటిలోనే.

నాకు అంతకన్నా నచ్చింది ఎలుకల సంగతి. 1999లో అమెరికాలోని సాల్క్ సంస్థ వాళ్లు ‘పీపార్ గామా’ అనే జన్యువు లేని ఎలుక పిండాలను పరిశీలించారు. గుండె గోడలు పల్చబడి అవి కడుపులోనే పోయేవి. జబ్బు గుండెదే అనుకుంటాం కదా? అలాంటి పిండాలకే ఆరోగ్యమైన మాయ ఏర్పడేలా చేస్తే గుండె గోడలు బాగుపడ్డాయి. గుండెలో ఆ జన్యువు అప్పటికీ లేదు! లోపం మావాళ్లది, శిక్ష గుండెకు.

అలాగని ప్రతి గుండెజబ్బునూ నా నెత్తిన రుద్దితే ఒప్పుకోను. ఒకే జన్యులోపం ఇద్దర్నీ దెబ్బతీయొచ్చు. గుండె సరిగా తోడక నేనే చిక్కిపోయి ఉండొచ్చు. మాలో ఎవరు ముందు తడబడ్డారో నాకే తెలియదు. అమ్మకు ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది. గుండె లోపమున్న బిడ్డను మోసే తల్లుల్లో ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉండగా బీపీ పెరిగే జబ్బు, ఎక్కువని లెక్కలున్నాయి. అది మాత్రం చాలావరకు నా వ్యవహారమే. గర్భసంచి ధమనుల్లోకి నా కణాలు చొరబడి వాటిని వెడల్పు చేయాలి. ఆ పని అరకొరగా సాగితే అటు తల్లికి బీపీ, ఇటు బిడ్డకు తిండి తక్కువ.

పాథాలజీలో పీజీ అమ్మాయి బొడ్డుతాడు, పొరలు కత్తిరించి నన్ను తూకమేసింది. 360 గ్రాములు. నెలలు నిండిన మాయ అర కిలో దాకా తూగుతుంది. ముక్కలు కోసి స్లైడ్లు చేసింది, నాలో ముదరని నాళాల కొమ్మలున్నాయని రాసుకుంది.

“మేడమ్, రిపోర్టు గైనకాలజీకి పంపేస్తే సరిపోతుందా?”

“పిల్లల గుండె డాక్టరుకీ ఒక కాపీ పెట్టు. ఆపరేషన్ ఏడాది లోపే ఉంటుంది.”