ఏ పూటకాపూట: ఒక మెమరీ కార్డు ఆత్మకథ

నా పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24, మందం రెండుకు కాస్త పైన. వీపున బంగారు పూత పట్టీలు, ఎడమ అంచున చిన్న తాళం మీట, కడుపులో 128 జీబీ చోటు. మా వంశానికి ఎస్‌డీ కార్డులని పేరు. 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి మాకు ఈ రూపం ఇచ్చాయి. ప్రాణం మాత్రం అంతకు ముందే పడింది. 1980లలో తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా అనే ఇంజనీరు, కరెంటు తీసేసినా చెరగని ఫ్లాష్ మెమరీని కనిపెట్టాడు. సన్నటి పొరల నడుమ ఎలక్ట్రాన్లను బంధించి ఉంచడం ఆ విద్య. నేను చూసినవీ విన్నవీ అన్నీ నాలో అలా బందీలై ఉంటాయి.

నన్ను కొన్నవాడిది ఖమ్మం. చదువుకోడానికి ఐర్లండ్ వచ్చి, అథ్లోన్‌లో ఉంటూ, సెలవుల్లో వీడియోలు తీస్తాడు. నాలోంచి బొమ్మల్ని బయటికి తీసి కూర్చేది తెనాలి ఆవిడ. ములింగార్ అనే ఊళ్లో కాపురం. ఆమెను వాడు అక్కా అంటాడు, వాణ్ణి ఆమె తమ్ముడూ అంటుంది. చుట్టరికం లేదు, పని కలిపింది. నాకో జంట కార్డు కూడా ఉంది. ఒకరం కెమెరాలో ఉంటే ఇంకొకరం అక్క ల్యాప్‌టాప్‌లో ఉంటాం. పొద్దున్నుంచి రాత్రి దాకా మాకు ఇదే రాకపోకల బతుకు.

నా జీవితంలో పెద్ద పని 2023 ఆగస్టులో, ములింగార్ ఫ్లాలో పడింది. ఫ్లా అంటే ఐర్లండ్ సంప్రదాయ సంగీతానికి ఏటా జరిగే అతి పెద్ద జాతర. అది పుట్టిన ఊరు కూడా ఇదే. డబ్లిన్ థామస్ స్ట్రీట్‌లోని పైపర్స్ క్లబ్బువాళ్లు, ఈ వెస్ట్‌మీత్ ప్రాంతపు సంగీతకారులు 1951 జనవరిలో ఇక్కడ సమావేశమయ్యారు. ఇళ్లలో, పల్లెల్లో వాయించే బాణీలు పెద్దవాళ్లతోనే పోతాయేమోనని వాళ్ల బెంగ. ఆ సమావేశం నుంచి వచ్చిన సంఘమే ఇవాళ్టి కోల్తస్. ఆ ఏడాది మే నెలలోనే మొదటి ఫ్లా ఈ ఊళ్లో జరిగింది. 1963లో మరోసారి వచ్చింది. ఆ తర్వాత దాదాపు ఆరు దశాబ్దాల ఎడబాటు. 2020లో రావలసింది కోవిడ్ వల్ల ఆగి, 2022లో, మళ్లీ 2023లో వచ్చింది. 22 వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరికి ఆ వారంలో లక్షల మంది వచ్చారు. రాయల్ కెనాల్ చుట్టుకుని ఉన్న ఆ చిన్న ఊళ్లో కాలు పెట్టే సందు లేకపోయింది.

టీజీ4 అనే ఐరిష్ భాషా టీవీ పెద్ద వేదికల్ని ప్రసారం చేస్తుంది. మాది వీధి. సెషన్లు, అంటే సంగీతకారులు కూడి వాయించుకునే కూటాలు, జరిగే ఒక పబ్బు వాళ్లు తమ పేజీకి రోజుకో నిమిషం వీడియో కావాలన్నారు. ఆ రోజుది ఆ రాత్రికే రావాలి. ఎందుకంత తొందర అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. ఫ్లాకు వచ్చిన జనం రోజు రోజుకీ మారిపోతారు. వారం మొదట్లో సంగీత పాఠశాల పిల్లలు, చివర శుక్ర, శని, ఆదివారాల్లో పోటీలకు వచ్చే కుటుంబాలు. పొద్దున మార్కెట్ స్క్వేర్‌లో గాయకుడు జో డోలన్ విగ్రహం దగ్గర ఫిడేలు వాయించిన పెద్దాయన, రాత్రి తన బస గదిలో ఉండగానే ఆ వీడియో చూసుకోవాలి. పక్క వీధిలోవాళ్లు చూసి రేపు అక్కడికి వెళ్లాలనుకోవాలి. రెండు రోజులు ఆగితే వీడియో ఇంకా బాగా కుదరొచ్చు. కానీ అప్పటికి ఆ వీధిలో ఆ మనుషులు ఉండరు.

తొందర పని కాబట్టే పద్ధతి గట్టిగా ఉండాలి. తమ్ముడు కెమెరా వేగం సెకనుకు 25 ఫ్రేములకు పెడతాడు. ఖమ్మంలో లాగే ఇక్కడా కరెంటు 50 హెర్ట్జ్‌దే, అందుకని షట్టర్ సెకనులో 50వ వంతుకు ఉంచితే పబ్బు దీపాలు మిణుకుమనవు. రంగులు తర్వాత దిద్దుకునే తీరిక ఉండదు, కెమెరాలోనే సరిచూసుకుంటాడు. 4కెలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున నాలో రాసుకుంటూ పోతే గంటకు 45 జీబీ నిండుతుంది. అంటే మూడు గంటలు కూడా నాలో పట్టవు. కాబట్టి అడ్డదిడ్డంగా తీయడానికి వీల్లేదు.

వాడి అలవాట్లలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. మంచి షాట్ పడగానే కెమెరా ఆపకుండా లెన్సును అరచేత్తో ఒక్క క్షణం మూస్తాడు. చివర అలా చీకటి ఉన్న క్లిప్పులను అక్క ముందు తెరుస్తుంది. వందల క్లిప్పుల్లోంచి పనికొచ్చేవి వెతకడానికి పట్టే గంట మిగులుతుంది. కెమెరాలోంచి నన్ను తీయగానే తాళం మీట కిందికి నొక్కుతాడు, పొరపాటున నా మీద మళ్లీ రాయకుండా. అక్క నన్ను అందుకోగానే ఎడిటింగ్ మొదలెట్టదు. ముందు మొత్తం కాపీ చేస్తుంది. 60 జీబీకి, సెకనుకు 90 ఎంబీ చొప్పున, పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ టీ తాగుతుంది తప్ప దేన్నీ ముట్టుకోదు. తొందరలో ఉన్నప్పుడు ఈ ఓపికే పనిని కాపాడుతుంది.

వానొచ్చిన రోజున తమ్ముడు మైకుకి బొచ్చు తొడుగు వేసి, ఒక గుమ్మం కింద బొరాన్ వాయించేవాడి పక్కన నిలబడ్డాడు. బొరాన్ మేకతోలు వాయిద్యం. తేమకి తోలు వదులై గొంతు దిగిపోతోంది. వాడు ఫోన్లో అక్కకి చెప్పాడు: "అక్కా, మా ఊళ్లో డప్పును గడ్డిమంట మీద కాపుతరు. ఈనకు ఇక్కడ మంట ఎట్ల దొరుకుతది? శబ్దం మందంగ వస్తున్నది, ఏం జేద్దాం?" ఆమె అంది: "అలాగే తియ్యి తమ్ముడూ. వానలో బొరాన్ అలాగే పలుకుతుంది. చినుకుల చప్పుడు కూడా రానీ." ఆ రోజు నిమిషం వీడియోలో ఆ మందపు శబ్దమే మొదట వినిపించింది. మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ణి ఆపాలని ఈ పనిలో అందరూ అంటారు. నా అనుభవంలో మనిషిని మెరుపు బొమ్మకన్నా నిజమైన శబ్దం ఎక్కువసేపు ఆపుతుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇదే. ఫ్లా వీడియోలో బొమ్మను ఎన్ని ముక్కలైనా చేయొచ్చు, బాణీని చేయకూడదు. ఐరిష్ జిగ్ బాణీ సాధారణంగా రెండు భాగాలు. ఒక్కో భాగం ఎనిమిది ఆవర్తాలు, ఒక్కోటీ రెండేసి సార్లు. మామూలు నడకలో ఒక్కో భాగానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు. అంటే మొత్తం ఒక చుట్టు అర నిమిషం దాటి కొద్ది సెకన్లకు పూర్తవుతుంది. నిమిషం వీడియోలో ఒక బాణీ నిండుగా పడుతుంది, ఇంకా చోటు మిగులుతుంది! ఇది తెలిసీ నాలుగు సెకన్లకో బాణీ మార్చి, పైన ఎక్కడో కొన్న సంగీతం పరిచే వీడియోలు చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. డెబ్భై ఏళ్ల కిందట ఈ ఊళ్లో మనుషులు కూడింది ఆ బాణీ తెగిపోకూడదనే కదా.

సెషన్‌లో వాయించేవాళ్లు బల్ల చుట్టూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు, జనం కోసం కాదు. ఆ వలయంలోకి కెమెరా దూర్చడం అమర్యాద. తమ్ముడు ముందు అడుగుతాడు, వాయిస్తున్న బాణీల వరుస అయ్యేదాకా ఆగుతాడు, తర్వాత వెనకగా నిలబడతాడు. ఒక బాణీని రెండు మూడు చుట్లు వాయిస్తారు గనక, మొదటి చుట్టు మొత్తం కదలకుండా, వేళ్లు కనబడేలా తీస్తాడు. శబ్దం ఆ చుట్టుదే. మిగతా చుట్లలో తాళం వేసే పాదాలు, వినేవాళ్ల ముఖాలు, కిటికీ బయట కెథడ్రల్ జంట గోపురాలు. అక్క వాటిని మొదటి చుట్టు శబ్దం మీద అక్కడక్కడా పరుస్తుంది. వేళ్లను మాత్రం వేరే చుట్టునుంచి తేదు. వేళ్లొక చోట, స్వరమొక చోట ఉంటే వాయించేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

పబ్బు వాళ్లకు మొదట ఇది నచ్చలేదు. గబగబా మారే బొమ్మలు కావాలన్నారు. అక్క రెండూ చేసి పంపింది. ఏది పెట్టాలో వాళ్లే తేల్చుకోమంది. వాళ్లు తమ మూల బల్ల దగ్గర వాయించేవాళ్లకు రెండూ చూపించారట. బాణీ నిండుగా ఉన్నదాన్నే పెట్టారు.

పిల్లల విషయంలో మాత్రం ఆమె ఎవరితోనూ బేరం పెట్టుకోదు. పోటీల్లో 12 ఏళ్ల లోపు వాళ్లకూ విభాగం ఉంది, వీధి నిండా అలాంటి పిల్లలే, చేతుల్లో టిన్ విజిల్, కాన్సర్టినా. ముద్దొస్తారు. అయినా తల్లో తండ్రో సరేననకపోతే ఆ క్లిప్పు ఎంత బాగున్నా నాలోనే ఉండిపోతుంది. అలాంటి అందమైన వాయింపులు నాలో చాలా ఉన్నాయి, ఎవరూ చూడలేదు. నాకు ఆ సంగతిలో విచారం లేదు. వినడానికి నేనున్నాను.

ఆగస్టు తొలివారాల్లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గూకదు. వీధి వెలుతురు ఉన్నంతసేపూ వాడు తీస్తూనే ఉంటాడు, అందుకే కూర్పుకు మిగిలే సమయం తక్కువ. ఆ పైన లక్షల ఫోన్లు ఒకే టవర్ల మీద పడితే ఊరి నడిబొడ్డులో అప్‌లోడ్ కదలదు. అక్క ఫైలును చిన్నది చేసి, కెనాల్ గట్టు వెంబడి నడుచుకుంటూ పోయి, సిగ్నల్ దొరికిన చోట ఆగి పంపేది.

పని అయ్యాక నన్ను ఫార్మాట్ చేస్తారు. అంతా చెరిగిపోతుందని మనుషులు అనుకుంటారు. నిజానికి మామూలు ఫార్మాట్‌లో పోయేది విషయసూచిక మాత్రమే. కొత్తది వచ్చి పైన రాసుకునేదాకా పాతది అక్కడే ఉంటుంది. నా కణాలు ఎన్నిసార్లైనా చెరిపి రాయడానికి పనికిరావు, వాటికీ అరుగుదల ఉంది. ఉన్నన్నాళ్లు ఇలాంటి పనులకే అరగాలని నా కోరిక.

ఫ్లా అయ్యాక అక్టోబరులో, బతుకమ్మకు డబ్లిన్ వెళ్లాలని తమ్ముడు సంచి సర్దుకున్నాడు. ఆ రాత్రికే వీడియో కావాలని అక్కడివాళ్లు అడిగారు. "డ్రోన్ తీసుకుపోదునా అక్కా? చీరలు, పూలు, పైనుంచి బాగుంటయి" అన్నాడు. ఆమె నన్ను వాడి చేతిలో పెట్టి అంది: "పూలు అందరూ తీస్తారు తమ్ముడూ. పాట ఎత్తే పెద్దావిడ పక్కన నిలబడు. ఆవిడ ఒక మాట అనడం, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకోవడం, చప్పట్లతో సహా ఒక పాట మొదటి నుంచి చివరిదాకా కావాలి నాకు. మధ్యలో ఎవరు పిలిచినా కెమెరా తిప్పకు."

"సరే అక్కా. ఆవిడను ముందుగాల అడుగుత" అంటూ వాడు నా తాళం మీట పైకి జరిపాడు.