పాలపిట్టకూ విభజనే!

సరే, పాలపిట్టకూ విభజన జరిగిపోయింది. 2025 జూన్‌లో వచ్చిన ప్రపంచ పక్షుల జాబితా ఏవిలిస్ట్ లెక్కలో జాతులు 11,131. అందులో మన పాలపిట్ట ఒకటి, అస్సాం నుంచి థాయిలాండ్ దాకా ఎగిరే ముదురు రంగు దాయాది ఇంకొకటి. విభజనలు మాకు కొత్తా? 2014లో రాష్ట్రం చీలింది. 2018లో ఆంధ్రప్రదేశ్ పాలపిట్టను తెలంగాణకు వదిలేసి రామచిలుకను రాష్ట్ర పక్షిని చేసుకుంది. 2022లో అనంతపురం జిల్లా రెండైంది. మిగిలింది పిట్టే.

శాస్త్రవేత్తలతో నాకు పేచీ లేదు. ఆ దాయాది మన పిట్టకంటే సులవేసి దీవి పిట్టకే దగ్గరి చుట్టమని డీఎన్ఏ చూసి చెప్పారు, ఒప్పుకుందాం. నాకు ఒళ్లు మండేది సోఫా వీరులను చూసి. ఎప్పుడో బ్యాంకాక్ పోయినప్పుడు హోటల్ కిటికీలోంచి పాలపిట్ట కనబడితే, "మనూళ్లో ఉండేదే గదా" అని మొహం తిప్పుకున్న పెద్దమనిషి ఇప్పుడు ఫోన్ తీశాడు. తాను చూసిన పక్షుల చిట్టాలో ఒకటి పెరిగింది! బూట్లు తొడగలేదు, బైనాక్యులర్స్ దుమ్ము దులపలేదు. కాఫీ చల్లారేలోపు కొత్త జాతి. దానికి వాట్సాప్‌లో చప్పట్లు.

ఇంకో ఆయన పాత ఫొటోలన్నీ తవ్వుతున్నాడు, రొమ్ము మీద తెల్ల గీతలున్నాయా లేవా అని. గీతలు లేకపోతే పండగే. మరి రెండూ ఎదురుపడే ఈశాన్యంలో అవి జతకట్టి పిల్లల్ని కంటున్నాయే, ఆ సంసారాన్ని ఏ పద్దులో రాస్తారు సామీ?

రాప్తాడు పక్క చెనక్కాయ చేలకు రండి. కరెంటు తీగ మీది పాలపిట్ట పురుగు కదలగానే నీలం రెక్కలు విప్పి వాలుతుంది. ముక్కున కరుచుకొచ్చి, తీగకేసి బాది మింగుతుంది. ఆ పురుగుకు మనం మందు కొడుతున్నాం. పొదలున్న నేలను కేంద్ర ప్రభుత్వపు బంజరు భూముల అట్లాస్ బంజరంటోంది. నంబులపూలకుంటలో వేల ఎకరాలు సోలార్ పలకల కిందికి పోయాయి. దసరాకు ఇదే పిట్టను పంజరంలో తెచ్చి దర్శనానికి డబ్బులడుగుతారు. పక్క జిల్లా రోళ్లపాడులో బట్టమేకపిట్ట కనుమరుగైంది, చీల్చుకుందామన్నా మిగల్లేదు. అప్పుడేమయ్యాయి ఈ ఫోన్లు? సిగ్గుండాలి!

చిట్టాలంటే అంత మోజైతే మండలాఫీసుకు పోయి అడంగల్ తిరగేయండి. గుట్టకింది బీడుకెదురుగా ఒక్క పిట్ట పేరైనా రాశారేమో వెతకండి. బస్సు ఛార్జీలు మీవే.